పెద్దోడి వాటా

"గునపం కింద పెట్టు గాసీ," అంది చిన్నమ్మలు, తలెత్తకుండానే.

అరటి గుబురుకు వీపు ఆనించి, కాళ్ళు బారజాపి, ఒళ్ళో చేట పెట్టుకుని ఆమె సామలు చెరుగుతోంది. కన్నకొడుకు ఎదురుగా గునపం పట్టుకుని నిలబడితే తనకేం పట్టనట్టు చెరుగుతోంది. కానీ చేటలోంచి ఊకతో పాటు గింజలూ ఎగిరి పడుతున్నాయి. ఆ చేతి కింద ఒక్క గింజ నేలరాలడం కాపురానికి వచ్చిన నాటినుంచీ రమణి చూడలేదు.

"పిలక తియ్యాల. లెగమ్మా," అన్నాడు గాసి.

"వద్దని నిన్నే సెప్పినాను."

"మేడమ్ మద్దినేల వస్తాది. తీసి ఉంచుతానని మాటిచ్చినాను."

"నీది కాని దానికి నువ్వెలగ మాటిస్తావు?"

గుమ్మం దగ్గర సుక్రు చుట్టకు నిప్పు వెతుక్కుంటున్నాడు. పెళ్ళానికీ కొడుక్కీ మాటా మాటా పెరిగినప్పుడల్లా ఆయన చుట్టకు నిప్పు దొరకదు. అగ్గిపెట్టె చొక్కా జేబులోనే ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

గెడ్డ వాగు నుంచి నీళ్ళ బిందెతో వచ్చిన రమణి దడి దగ్గరే ఆగిపోయింది. అత్త వైపు మాట్లాడితే మొగుడికి కోపం, మొగుడి వైపు మాట్లాడితే అత్తకు కోపం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయితే నిజం చెప్పాలంటే ఆమెను తొలుస్తున్నది ఈ రెండు కోపాలూ కావు. నిన్న స్వాతి మేడమ్ అడిగిన ప్రశ్న.

స్వాతి పరిశోధన కేంద్రంలో అరటి మీద పని చేసే అమ్మాయి. నిన్న కింద పొలంలో ఎండిపోయిన అమృతపాణి అరటి బోదెను అడ్డంగా కోసి చూపించింది. తెల్లగా ఉండాల్సిన డొప్పల్లో ఇటుక రంగు చారలు చుట్లు చుట్లుగా ఉన్నాయి. పనామా తెగులు అంది. మట్టిలో ఉండే బూజు వేళ్ళలోంచి లోపలికి పోయి నీళ్ళ దారులు మూసేస్తుందట. మందు లేదట. అరటి తీసేసినా ఆ మట్టిలో ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చుంటుందట. మైదానం నుంచి లారీలో పిలకలు తెప్పించి, ఊళ్ళో అందరికన్నా ముందు అమృతపాణి వేసిన గాసి ఆ మాటలన్నీ నోరు మెదపకుండా విన్నాడు.

తిరిగి వెళ్తూ స్వాతి ఇంటి దగ్గరున్న ఈ గుబురు ముందు ఆగింది. "దడి కింద తోటంతా చచ్చిపోతే ఇదెలా పచ్చగా ఉంది?" అని అడిగింది. తనే మళ్ళీ చెప్పింది. "రెండు కారణాలు ఉండొచ్చు. దీనికి తెగులును తట్టుకునే బలం ఉండొచ్చు. లేదా తెగులు ఇంకా దీని దాకా రాకపోయి ఉండొచ్చు. బయటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి."

ఆ రెండింటిలో ఏది? నిన్నటి నుంచీ రమణి అన్నం తింటున్నా అదే ఆలోచన, పొయ్యి ఊదుతున్నా అదే ఆలోచన. బలమే అయితే కింద పొలంలో మళ్ళీ అరటి చూడొచ్చు. కాకపోతే గాసి ఎల్లుండి ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నంలో మేడల పనికి పోతాడు. సంచి సర్ది గోడకు తగిలించాడు కూడా. రమణి వాళ్ళ పిన్ని మొగుడు అలాగే ఒక వానాకాలం పనికని దిగాడు. ఇప్పటికీ డబ్బు పంపుతాడు, మనిషి మాత్రం రాడు.

"ఇది పెద్దోడిది," అంది చిన్నమ్మలు. "దీని మీద నీ సెయ్యి పడకూడదు."

"పెద్దోడిది. పెద్దోడిది. పుట్టిన కాడ్నించీ ఇదే ఇంటన్నాను." గాసి గొంతు లేచింది. "సచ్చిపోనోడికి పచ్చని అరటి. బతికున్నోడికి ఎండిపోన తోట. బాగుంది వాటా."

సుక్రు చేతిలోంచి చుట్ట జారిపోయింది.

పెద్దోడి పేరు భీముడు. గాసి కన్నా ముందు పుట్టి, నడక రాకముందే జ్వరానికి పోయాడు. మొదటి బిడ్డ బొడ్డుపేగు పాతిన చోట అరటి పిలక నాటడం ఆ ఇంటి ఆనవాయితీ. గెల కోయడమైనా, కాసిన బోదె నరకడమైనా తల్లి చేత్తోనే. మరొకరి కత్తి తగలకూడదు. బిడ్డ పోయాడు, అరటి మిగిలింది. దాని కాయకు తోలు మందం, లోపల అక్కడక్కడ గింజ, హుకుంపేట సంతలో దాన్ని కన్నెత్తి చూసేవాడు లేడు. దానికి వేరే పేరు కూడా లేదు. పెద్దోడి అరటి, అంతే.

"నా బొడ్డుపేగు యాడ పాతినావో గుర్తుందేటి నీకు?" అన్నాడు గాసి.

చేట ఆగిపోయింది. చిన్నమ్మలు కొడుకు ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయి, మళ్ళీ చేట అందుకుంది. గాసి ఆ మౌనానికి తనకు తోచిన అర్థం చెప్పుకున్నాడు. గునపం మీద అతని వేళ్ళు బిగుసుకోవడం రమణి చూసింది.

ఇంక ఆగితే లాభం లేదనుకుంది.

"అత్తా, కాళ్ళు ముడుచుకో," అంటూ లోపలికి వచ్చి, చంకలో బిందెను గుబురు మొదట్లో ఒంపేసింది.

తల్లీ కొడుకూ ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"తాగే నీళ్ళు పారబోస్తన్నావేటే గుంటా?" అంది చిన్నమ్మలు. పెళ్ళై ఇన్నేళ్ళైనా కోడలు ఆమెకు గుంటే, చిన్నపిల్లే.

"నీరెటు పోతాదో సూద్దామని."

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు," అన్నాడు సుక్రు, మాట్లాడే అవకాశం దొరికినందుకు ఊపిరి పీల్చుకుంటూ. "ఆపాటి దానికి గెడ్డ కాడ్నించి మోసుకొచ్చిన బిందె ఒంపాలేటి?"

రమణి వినిపించుకోలేదు. గొంతుక్కూర్చుని చూస్తోంది. నీళ్ళు ఎండుటాకుల కిందనుంచి పాక్కుంటూ వెళ్ళి, దడి కంతలోంచి దిగి, కింద పొలం వైపు జారిపోయాయి. ఒక్క చుక్క కూడా పైకి రాలేదు. ఎలా వస్తుంది?

"రోగం మట్టితో, నీటితో పోతాదని కదా మేడమ్ సెప్పింది," అంది రమణి తనలో తను అనుకుంటున్నట్టు. "ఇక్కడి నీరు పొలంలకెల్తాది. పొలం నీరు ఇక్కడికి రాదు. మన కాళ్ళ మట్టి? పొలం నించి గెడ్డ కాడికెల్లే వస్తాం. కాళ్ళు కడుక్కునే వస్తాం. ఇటేపు ఎవరం రాం."

"కోళ్ళు?" అన్నాడు సుక్రు.

"కోళ్ళేటి?"

"కిందికెల్లి గీరతాయి, పైకొచ్చి గీరతాయి. ఆటి గోళ్ళకి మట్టి అంటదేటి?"

రమణి నిజంగానే ఆలోచించింది. ఇంట్లో ఉన్న రెండు కోళ్ళూ ఎప్పుడూ పశువుల పాకను వదిలి వెళ్ళవు. ఆ సంగతి చెబితే సుక్రు కొంచెం చిన్నబోయాడు.

గాసి అంతా వింటూనే ఉన్నాడు. విననట్టు ముఖం పెట్టాడు గానీ, నీళ్ళు వెళ్ళిన దారి వెంట అతని చూపు కూడా వెళ్ళింది. కాసేపటికి గునపాన్ని నేల మీద పడేశాడు.

"అయితే దీనికి బలమూ లేదు, పాడూ లేదు. రోగం రాలేదంతే. అదురుట్టం." తల్లి వైపు చూడకుండా అన్నాడు. "ఉంచుకో నీ పెద్దోడిని. పిలకా వద్దు, ఏటీ వద్దు. నాను ఎల్లుండి బండికి పోతన్నాను."

లోపలికి వెళ్ళిపోయాడు. సుక్రు జేబులోంచి అగ్గిపెట్టె తీసి, చుట్ట వెలిగించుకోకుండానే పెరట్లోకి నడిచాడు.

చిన్నమ్మలు కదలలేదు. కొడుకు గునపం పడేసినా, గెలిచినట్టు లేదు ఆమె ముఖం. రమణికి అది వింతగా తోచింది. పిలక తీయనని కొడుకు అనేశాడు కదా, ఇంకా ఎందుకు లేవదు? పైగా నీళ్ళు తగిలి ఎండుటాకులు కొట్టుకుపోయిన చోటికి కాస్త జరిగి, చీర కుచ్చెళ్ళు దాని మీద పరుచుకుని కూర్చుంది.

ఆ పరుచుకోవడమే రమణి కళ్ళలో పడింది. చీర అంచు పక్కన ఇంకా కొంచెం నేల కనిపిస్తోంది. అది ఎర్రగా ఉంది.

ఆ ఇంటి చుట్టూ నేల బూడిద రంగు. ఏళ్ళ తరబడి పొయ్యిలో బూడిదంతా పోసిపోసి మట్టికి ఆ రంగే వచ్చేసింది. ఎర్రమట్టి ఉన్నది ఒక్క కింద పొలంలోనే. రమణి చిటికెడు తీసి అరచేతిలో నలిపింది. తెల్లటి పలుగురాయి నలుసులు తగిలాయి. అవీ కింద పొలంలోవే.

రోగం పైకి రాలేదని ఇప్పుడే లెక్క తేల్చింది. రోగమున్న మట్టి ఇక్కడే, గుబురు మొదట్లోనే ఉంది. నీరు తేలేదు, కోళ్ళు తేలేదు. మనిషి చెయ్యి తెచ్చింది. ఎవరి చెయ్యి?

రమణి లోపలికి వెళ్ళింది. గాసి సంచిలో చొక్కా మడిచి పెడుతున్నాడు. మడత సరిగా రాక మళ్ళీ విప్పుతున్నాడు.

"ఒక మాటడగనా?"

"నువ్వడక్కపోతే కదా వింత."

"పెద్దోడి అరటి మొదట్ల కింద పొలం మట్టి ఉంది. నిన్న మేడమ్ ఎల్లినాక నువ్వు పొలంలకెల్లినావు."

గాసి చేతులు ఆగిపోయాయి. తలెత్తి ఆమెను చూశాడు.

"దాన్ని సంపడానికి పోసినాననుకుంటన్నావా?"

"సంపడానికని కాదు. బలం ఉందో లేదో సూడ్డానికేమోనని."

"నాకంత ఊహ రాదు రమణీ. నీకొస్తాది." అతని గొంతులో కోపం లేదు, అదే రమణికి ఎక్కువ గుచ్చుకుంది. "దానంటే నాకు మంట. నిజమే. సిన్నప్పుడు అమ్మ సూడకుండా దాని మొదట్ల ఉచ్చ పోసీవోడిని. మట్టి మాత్రం పొయ్యలేదు."

రమణి తల వంచుకుంది. ఇంతకాలం కాపురం చేసిన మనిషిని అలా అడగడం తప్పే. తప్పని తెలుస్తూనే, ఇతను కాకపోతే ఎవరు అన్న ప్రశ్న అప్పుడే మనసులో తోక ఆడిస్తోంది. ఆమె గుణమే అంత.

మళ్ళీ బయటికి వచ్చి, అత్తకు ఎదురుగా కూర్చుంది. పుల్ల ఒకటి తీసుకుని గుబురుకు అవతలి వైపు మట్టిని మెల్లగా గెలికింది. కింద మళ్ళీ ఎరుపు. దాని పక్కనే నల్లగా ఒక ముద్ద, గెడ్డ ఒడ్డున వరి పండే పొలం చెక్కలోది. ఇంకొంచెం లోతున పసుపు కలిసిన మట్టి, కొండ వాలులో వలిసెలు వేసే చెక్కలోది. మళ్ళీ ఎరుపు. మళ్ళీ నలుపు. ఎవరో గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా, మూడు పొలాల మట్టీ తెచ్చి పోశారు. నిన్నా మొన్నా కాదు, ఎన్నో ఏళ్ళుగా.

"తవ్వకు రమణీ," అంది చిన్నమ్మలు.

"ఇది నువ్వు పోసిందేనా అత్తా?"

సామలు ఎప్పుడో అయిపోయాయి. చిన్నమ్మలు ఖాళీ చేటను ఒళ్ళో బోర్లించి, దాని మీద చేతులు పెట్టుకుంది. పెరట్లో సుక్రు దగ్గు వినిపించింది. రమణి ఎదురుచూసింది. ప్రశ్న అడిగాక ఊరుకోవడం ఆమెకు ఎంత కష్టమో ఊరంతటికీ తెలుసు, ఈసారి ఊరుకుంది.

"ఇటుకల పండగ నాడు," అంది చివరికి చిన్నమ్మలు, "ఇత్తనాలు పొలంలకెల్లక ముందు నానెల్తాను. ఒకో సెక్క నించి పిడికెడు మన్ను తెస్తాను. ఇక్కడ పోస్తాను."

"ఎందుకు?"

"ఆడి వాటా." అది కూడా అడగాలా అన్నట్టు చూసింది. "నాకిద్దరు కొడుకులు పుట్టినారు. ఉన్న బూమంతా ఒకడికే ఇచ్చీసి రెండోవోడికి ఏటీ లేదంటే అయిపోద్దేటి? ఆడు పొలానికి రాలేడు. నానే తెచ్చిస్తన్నాను."

రమణి చేతిలోని పుల్ల పక్కన పెట్టింది.  "కింద తోట ఎండడం మొదలైనాక కూడా తెచ్చినావా?"

"ఎండితే వాటా తప్పుద్దేటి?"

"తోటల ఏ కాడి నించి?"

చిన్నమ్మలు చెంగుతో ముక్కు తుడుచుకుంది. "అన్నిటికన్నా ముందు ఎండి పడిపోన మొక్క ఉంది సూడు, దాని మొదట్ల కాడి నించే. ఈ ఏడూ అక్కడిదే, నిరుడూ అక్కడిదే. ఇదిగో నీ తమ్ముడి కట్టం సూడు, ఏదైనా సెయ్యి అని ఆడికి సెప్పుకున్నాను."

రమణి ఆమె చేయి పట్టుకుంది.

"నిన్న ఆ మేడమ్, రోగం మట్టిలోనే ఉంది అంది," చిన్నమ్మలు చెప్పుకొచ్చింది. "అప్పట్నించి నా గుండెల రాయి పడింది. నా సేత్తో నానే తెచ్చి పెట్టినాను. బతికినప్పుడు జొరం తగలకుండా కాపాడలేకపోనాను. ఇప్పుడేమో... గునపం దిగితే ఈ మన్ను బయటపడతాది. మీరందరూ సూస్తారు. అందుకే లెగలేదు."

ఏడవాలో నవ్వాలో రమణికి తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"అత్తా, ఇటు సూడు. రోగమున్న మట్టిని దీనికి నువ్వు ఏడాదేడాదీ పెడతానే ఉన్నావు. కింద అమృతపాణి ఆ మట్టికే సచ్చిపోనాది. ఇది బతికే ఉంది."

"బతికుంది గానీ, ఎన్నాళ్ళు?"

"అదే కదా సూడాల," అంది రమణి.

గుమ్మంలో చొక్కా పట్టుకుని గాసి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. చిన్నమ్మలు అతన్ని చూసి చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అతను వచ్చి, నేల మీద గునపం తీసి గోడకు చేరవేశాడు.

మధ్యాహ్నం స్వాతి వచ్చింది. వస్తూనే సంచిలోంచి బ్లీచింగ్ పౌడర్ తీసి, బకెట్ నీళ్ళలో కలిపి, తన బూట్లు కడుక్కుని, అందరి కాళ్ళూ కడిగించింది. కత్తినీ గునపాన్నీ కూడా వదల్లేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని సణిగాడు సుక్రు. సణుగుతూనే రెండు కాళ్ళూ శుభ్రంగా కడుక్కున్నాడు.

రమణి జరిగిందంతా చెప్పింది. స్వాతి ముందు నమ్మలేదు. నేల మీద బోర్లా పడుకున్నట్టు వంగి, ఎరుపూ నలుపూ పసుపూ ముద్దలను తానే చూసింది. లేచి చిన్నమ్మలు ముందు కూర్చుంది.

"పెద్దమ్మా, ఇలాంటి పరీక్ష మేం కుండీల్లో చేస్తాం. రోగమున్న మట్టి వేసి, మొక్క నిలబడుతుందా పడిపోతుందా అని చూస్తాం. మీకు తెలియకుండానే మీరు అదే చేశారు."

"నానేటి సెయ్యలేదమ్మా. నా కొడుక్కి వాటా ఇచ్చినాను," అంది చిన్నమ్మలు.

స్వాతి ఈసారి నెమ్మదిగా అంది. "పిడికెడు మట్టే కాబట్టి వేళ్ళకు తగలకపోయి ఉండొచ్చు. బయటి నుంచి చూసి చెప్పలేను. మొన్న గెల కోసిన బోదె ఒకటుంది కదా, అది ఎలాగూ నరకాల్సిందే. అడుగు దాకా నరికితే లోపల చూడొచ్చు. మీరు ఊ అంటేనే."

అందరూ చిన్నమ్మలు వైపు చూశారు. ఆమె లేచింది. ఉదయం నుంచీ మొదటిసారి ఆ చోటు వదిలి లేచింది. రమణి అందించిన కత్తి తీసుకుని, బోదె మీద ఒకసారి అరచేయి ఆనించి, నరికింది.

లోపల తెల్లగా ఉంది. సున్నం కొట్టిన గోడ తెలుపు. నీరు చెమ్మగా ఊరుతోంది. ఒక్క చార లేదు.

సుక్రు గట్టిగా ఊపిరి వదిలాడు. స్వాతి మాత్రం, "ఇంకా కిందికి," అంది. మట్టి తొలగించి, దుంప అంచును చిన్నమ్మలు చేతే పలచగా కోయించి, వేళ్ళు పుట్టే చోటు వెలుతురుకు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. రమణి ఆగలేక ఆమె భుజం మీదుగా వంగింది.

ఒక వేరు మొదట్లో గోధుమ రంగు మచ్చ ఉంది. ఆవగింజంత. చిన్నమ్మలు కూడా దాన్ని చూసింది. ఆమె చేతిలో కత్తి కింద పడిపోయింది.

"వచ్చేసింది కదమ్మా," అంది.

"వచ్చింది," అంది స్వాతి. వేలితో ఆ మచ్చను చూపించింది. "ఇక్కడిదాకా వచ్చింది. ఆ తర్వాత చూడండి. ఇటు తెలుపే, అటు తెలుపే. లోపలికి పోనివ్వకుండా ఇది వేరు దగ్గరే ఆపేసింది. ఇది ఆ బూజేనో కాదో మా ల్యాబ్‌లో చూడాలి. అదే అయితే, ఇది అదృష్టం కాదు రమణీ."

రమణి ఆ మచ్చను, దాని చుట్టూ తెలుపును కళ్ళార్పకుండా చూసింది. నిన్నటి ప్రశ్నకు జవాబు ఆవగింజంత ఉంటుందని ఆమె అనుకోలేదు.

"బలముంటే మాత్రం ఏటి లాభం?" అన్నాడు గాసి. మేడమ్ వచ్చాక అతను మాట్లాడిన మొదటి మాట అది. "దీని కాయ సంతల ఎవుడూ కొనడు."

"ఈ కాయే అమ్మాలని లేదు. దీని బలాన్ని మంచి కాయ కాసే రకంలోకి తీసుకురావడం మా పని. అది ఏళ్ళ మీద పని, ఇప్పుడే మాటివ్వలేను." స్వాతి చేతులు కడుక్కుంటూ అంది. "నాకు ఒక పిలక కావాలి. ఇంకొకటి కింద పొలంలో, రోగం బాగా ఉన్న చోట నాటాలి. పెద్ద గుబురు తట్టుకుందని చిన్న పిలక తట్టుకుంటుందని చెప్పలేం. నాటితేనే తెలుస్తుంది."

"సచ్చిపోతే?" అన్నాడు సుక్రు.

"చచ్చిపోతే అదీ తెలుస్తుంది."

ఆ మాట ఆ ఇంట్లో ఎంత బరువైనదో స్వాతికి తెలియదు, తెలిసిన ముగ్గురూ చిన్నమ్మలు వైపు చూడలేకపోయారు.

చిన్నమ్మలు గాసినే చూస్తోంది. "నువ్వేటంటావు?" అని అడిగింది.

పెద్దోడి విషయంలో ఆమె చిన్నకొడుకును సలహా అడగడం అదే మొదలు. గాసి గునపం వైపు చూశాడు, గుబురు వైపు చూశాడు.

"వద్దమ్మా."

"పొద్దున్న తవ్వుతానని నా మీదికొచ్చినోడివి."

"పొద్దున్న నాకు తెల్దు కదా." అతను తల దించుకున్నాడు.  "నా కట్టం నువ్వు ఆడికి సెప్పుకుంటన్నావని నాకు తెల్దు కదా. ఉండనీ. నీ కాడే ఉండనీ."

చిన్నమ్మలు వెళ్ళి గోడ దగ్గరున్న గునపం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"తవ్వు. ఎన్నాళ్ళని ఇంటికాడ కూకోబెడతాను? పిడికెడు పిడికెడు మోసింది సాలు. పొలానికెల్లి ఆడి పని ఆడు సేసుకోనీ."

గాసి రెండు పిలకలు తీశాడు. ఎప్పుడూ విసురుగా పని చేసే మనిషి, గాజులు తీస్తున్నంత మెల్లగా తీశాడు. ఒకదాని వేళ్ళు కడిగి, స్వాతి ప్లాస్టిక్ సంచిలో చుట్టింది. రెండోది గాసి భుజాన పెట్టుకుని దడి దాటాడు. పిలకకు నీళ్ళు తేవడానికి రమణి బిందె తీసుకుంది. అందరూ అతని వెనకే పొలంలోకి దిగారు. అమృతపాణి ఆకులు బోదెల చుట్టూ పసుపెక్కి వేలాడుతున్నాయి.

గాసి పొలం నడుమ ఆగి గునపం దించబోయాడు. "అక్కడ కాదు," అంది చిన్నమ్మలు. "ఆ పనస మొద్దు పక్కన."

"అక్కడ రాళ్ళమ్మా."

"ఉంటే ఉండనీ. నీ బొడ్డుపేగు అక్కడే పాతినాను. నువ్వు ఈ పొలం సేసుకుని బతకాలని."

గాసి కదల్లేదు. ఆమె ముఖం తిప్పుకుని అంది. "పొద్దున్న అడిగినావు కదా. అంతకు ముందెప్పుడూ నువ్వు అడగలేదు, నానూ సెప్పలేదు."

అతను పనస మొద్దు దగ్గరికి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, రాళ్ళు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. పిలకను గోతిలో నిలబెట్టి, ఎర్రమట్టిని రెండు చేతులతో దాని చుట్టూ నొక్కాడు. రోగమున్న మట్టి అది. చిన్నమ్మలు గట్టు మీద నిలబడి చూస్తోంది.

"లోతుగా పెట్టు," అంది. "గాలొస్తే పడిపోగలడు."

స్వాతి వెళ్ళిపోయింది. సుక్రు చెయ్యి పట్టుకుని చిన్నమ్మలు ఇంటికి ఎక్కింది. పొలంలో మొగుడూ పెళ్ళాం మిగిలారు. పిలకకు ఉన్నది చుట్టుకుపోయిన ఒక్క మొవ్వాకు. అది విప్పుకుంటుందా, పసుపెక్కుతుందా? రమణి నోటి దాకా ఇంకో ప్రశ్న వచ్చింది. ఆ సంచి ఇంకా గోడకు వేలాడుతూనే ఉంది. ఈ ఒక్కటి మాత్రం ఆమె అడగలేకపోయింది.

గాసే అడిగాడు, పిలక వైపు చూస్తూ.

"ఎల్లుండి నించి దీనికి నీళ్ళెవరు పోస్తారు?"

రమణి ఖాళీ బిందె అతని చేతికిచ్చి, గట్టు ఎక్కి ఇంటి వైపు నడిచింది. దడి దగ్గర ఆగి వెనక్కి చూసింది. గాసి బిందె పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, ఒకసారి గెడ్డ వైపు, ఒకసారి కింద రోడ్డు వైపు చూస్తూ.